గడప అవతల ఉన్నంతవరకే

తెనాలిలో లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దాయన ఒకరు, హైదరాబాదులో ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కౌన్సెలింగ్ చేసే ఆయన మేనకోడలు ఒకరు. ఒక సెలవురోజు సాయంత్రం వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. ఒకరి మాట ఒకరు మధ్యలో తుంచకుండా వినే అలవాటు ఇద్దరికీ ఉంది. హిజ్రాల విషయం, స్వలింగ ప్రేమల విషయం ఎత్తితే చాలు, మన ఇళ్లలో మాటలు కేకల్లోకో మౌనంలోకో వెళ్లిపోతాయి. అలా వెళ్లని మాటలు ఒక్కసారైనా కాగితం మీదికి రావాలనిపించింది.

మామయ్య: నాకు ఎవరి మీదా ద్వేషం లేదమ్మాయ్, ముందే చెప్పేస్తున్నా. ఎవరి బతుకు వాళ్లది. కానీ మగవాడు మగవాడితో కాపురం పెట్టాడని పేపర్లో చదివితేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆలోచించి తెచ్చుకున్నది కాదు, దానంతట అదే వస్తుంది. మనసులో పుట్టేదానికి నన్ను తప్పుపడితే ఎలా?

మేనకోడలు: తప్పుపట్టడం లేదు మామయ్యా. ఆ జలదరింపు ఎక్కడ వస్తోందో, ఎక్కడ రావడం లేదో చూడమంటున్నా. శ్రీరామనవమికి మీరు వేములవాడ వెళ్లారు కదా?

మామయ్య: ఒకసారి వెళ్లాం. మీ అత్తయ్య మొక్కు.

మేనకోడలు: అక్కడ సీతారాముల కల్యాణం జరుగుతుండగానే హిజ్రాలు, జోగినులు త్రిశూలాలు పట్టుకుని, ఒకరి తలమీద ఒకరు తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి పెళ్లాడతారు. శివపార్వతులంటారు వాళ్లని. అప్పుడు జలదరించిందా?

మామయ్య: లేదు. దండం పెట్టుకున్నాం. మీ అత్తయ్య వాళ్లచేత అక్షింతలు కూడా వేయించుకుంది.

మేనకోడలు: మన బజార్లో షావుకారు కొత్త కొట్టు తెరిచిన రోజు హిజ్రా చేతిలోంచి రూపాయి బిళ్ల తీసుకుని గల్లాపెట్టెలో దాచుకుంటాడు. ఆ బిళ్ల ఉంటే పెట్టె ఖాళీ కాదని నమ్మకం. అదే షావుకారు కొడుకు రేపు చీర కట్టుకొచ్చి, నేను ఆడదాన్ని నాన్నా అంటే?

మామయ్య: కాళ్లు విరగ్గొడతాడు.

మేనకోడలు: గడప అవతల ఉన్నంతవరకు దేవుడి మనిషి. గడప లోపలికి వస్తే కాళ్లు విరగ్గొట్టాల్సిన మనిషి. మారింది మనకూ వాళ్లకూ మధ్య ఉన్న దూరమొక్కటే.

మామయ్య: దేవుడి మనిషి అంటున్నావు, మావాడి గృహప్రవేశం మర్చిపోయావా? ఇరవై వేలిస్తేగాని కదలమని గుమ్మంలో బైఠాయించారు. ఐదు వేలు చేతిలో పెడితే విసిరికొట్టి శాపనార్థాలు పెట్టారు. వచ్చిన వియ్యాలవారి ముందు మీ అత్తయ్య ఏడ్చేసింది. రైళ్లలోనూ చూశాను, కూలికి పోయే కుర్రాళ్ల జేబుల్లోంచి లాక్కోవడం. ఆ రోజు నాకొచ్చిన కోపం కూడా దూరం వల్ల పుట్టిందేనా?

మేనకోడలు: కాదు. ఆ కోపం న్యాయమైందే. డబ్బు గుంజితే ఎవరు గుంజినా నేరమే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ వాళ్లు గుమ్మం ముందుకి ఏ దారిన వచ్చారో మీలాంటి మాస్టారు అడగాలి. ఆడపిల్లలా నడిచే పిల్లాడు మీ బడిలో ఎప్పుడూ లేడా?

మామయ్య: ఉన్నాడొకడు. ఎనిమిదో తరగతి. చేతిరాత ముత్యాల్లా ఉండేది. పిల్లలు ఏడిపించేవాళ్లు, నేను పిలిచి మందలించేవాణ్ణి. మరుసటేడు వాడు బడికి రాలేదు.

మేనకోడలు: అలా బడి మానేసినవాళ్లకి ఇల్లు ఉండదు, సర్టిఫికెట్ ఉండదు. అద్దెకి గది ఎవరూ ఇవ్వరు. చదువుకున్నా అంతే. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరారు. ఎంబీబీఎస్ పట్టా చేతిలో ఉన్నా అంతకుముందు ప్రైవేటు ఆసుపత్రుల గుమ్మాల దగ్గర ఎన్ని తిరస్కారాలు ఎదురయ్యాయో వాళ్లే చెప్పుకున్నారు. 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు కొందరిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అడుక్కోవడానికి నిలబడిన సిగ్నల్ దగ్గరే ఇప్పుడు యూనిఫాం వేసుకుని నిలబడుతున్నారు. పనిస్తే చేస్తారా అన్న ప్రశ్నకి జవాబు అదే. కాకపోతే ఆ ఉద్యోగాలు పదుల్లో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష అని కాకుండా ఇతరులు అని రాయించుకున్నవాళ్లు మన ఉమ్మడి రాష్ట్రంలోనే 43,769 మంది. భయపడి రాయించుకోనివాళ్లు ఇంకెందరో.

మామయ్య: ప్రభుత్వం చూసుకోవాలి ఆ సంగతి.

మేనకోడలు: ప్రభుత్వం వాళ్లని ఎలా చూసిందో తెలుసా? నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో ఒక చట్టం తెచ్చారు. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించాలి. ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, పాడి ఆడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ విడిపోయింది, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా. నూరేళ్ల పైచిలుకు, చీర కట్టుకోవడమే నేరం మామయ్యా.

మామయ్య: అది నాకు తెలియదు. సరే, హిజ్రాలు మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నారు, ఒప్పుకుంటా. కానీ ఈ గేలు, లెస్బియన్లు, ఊరేగింపులు, రంగు జెండాలు... ఇవి మనవి కావు. బయటి నుంచి వచ్చినవి.

మేనకోడలు: జెండా బయటి నుంచే వచ్చింది. దాన్ని పట్టుకున్న పిల్లలు మాత్రం గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ పుట్టారు. అసలు బయటి నుంచి వచ్చింది 377వ సెక్షన్. 1860లో ఇంగ్లీషువాళ్లు శిక్షాస్మృతిలో రాసిపెట్టారు. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సడలిస్తే, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు పెద్దల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. 2009కీ 2013కీ మధ్య ఆ నాలుగేళ్లూ ఆలోచించండి. నేరస్తుడివి కావన్నారు, మళ్లీ నేరస్తుడివే అన్నారు.

మామయ్య: మీ తరానికి పురాణాలు గుర్తొచ్చేది కూడా ఇలాంటప్పుడే. ఇప్పుడు బృహన్నల అంటావు, శిఖండి అంటావు. విరాటపర్వం నేనూ చదివాను. అర్జునుడికి అది శాపం. ఏడాది అజ్ఞాతవాసానికి పనికొచ్చింది, ఏడాది కాగానే గాండీవం పట్టాడు. దాన్ని తెచ్చి వీళ్లకి ముడిపెడితే నేనొప్పుకోను.

మేనకోడలు: నేనూ ముడిపెట్టను. మీరన్నది నిజం. కానీ స్థానం నరసింహారావు గారి పేరు చెబితే మీ కళ్లు మెరుస్తాయి కదా!

మామయ్య: మెరవవా మరి! మా నాన్న ఆయన సత్యభామని చూశాడు. జడ ముందుకి వేసుకుని స్టేజీ మీదికి వస్తే, ఆడవాళ్లు ఇంటికెళ్లి ఆ నడక నేర్చుకునేవాళ్లట. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది ఇంకో ఎత్తు. కానీ తల్లీ, అది కళ. వేషం తీసేశాక ఆయన మామూలు గృహస్థు.

మేనకోడలు: అవును, నటనకీ స్వభావానికీ తేడా ఉంది. నేను చెప్పేది నటుల గురించి కాదు, ప్రేక్షకుల గురించి. మగవాడి ఒంట్లో ఆడతనం చూసి ఈ ఊరు పరవశించింది. అంటే మీరు చెప్పిన ఆ జలదరింపు రక్తంలో పుట్టింది కాదన్నమాట. ఆ తర్వాత సినిమా వచ్చింది. అదే నడకని కమెడియన్‌కి ఇచ్చి, హీరో చేత చెంపదెబ్బ కొట్టించి, హాలంతా నవ్వించింది. తరాల తరబడి ఆ నవ్వు విన్న పిల్లలే మీ ఎనిమిదో తరగతి కుర్రాణ్ణి ఏడిపించింది.

మామయ్య: సినిమాల సంగతి ఒప్పుకుంటా. అయినా అందరి మీదా నాకు ఒకేలా లేదమ్మాయ్. హిజ్రాలని చూస్తే కొంత భయం, కొంత జాలి. మగవాళ్లిద్దరంటే అసహ్యం. ఆడపిల్లలిద్దరంటే... నిజం చెప్పాలంటే నేను నమ్మను. స్నేహం ముదిరింది, పెళ్లయితే పోతుంది అనుకుంటా.

మేనకోడలు: మీరు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆసుపత్రిలో నా ముందు కూర్చునే తల్లిదండ్రుల్లోనూ సరిగ్గా ఇవే చూస్తాను. కొడుకు గే అని తెలిస్తే ముందు ఛీ అంటారు, ఆ తర్వాత వంశం, కొరివి. కూతురైతే ఎవరూ పట్టించుకోరు. ఇద్దరూ ఒకే గదిలో చదువుకున్నా, ఒకే కంచంలో తిన్నా ముచ్చటపడతారు. సంబంధాలు చూడటం మొదలుపెట్టాక పిల్ల వద్దంటుంది, అప్పుడు తెలుస్తుంది. ఆ రోజు నుంచి ఫోను లాక్కోవడం, గదికి గొళ్లెం పెట్టడం, మేనమామలు వచ్చి కూర్చోవడం. నమ్మకపోవడంలోంచి పుట్టే క్రూరత్వం అసహ్యంలోంచి పుట్టేదానికంటే తక్కువేం కాదు. ఇక బైసెక్సువల్ పిల్లల సంగతి మరీ ఘోరం. ఇద్దరూ నచ్చుతారంటున్నావుగా, అయితే మేం చూపించినవాణ్ణే చేసుకో అంటారు. అటు గే స్నేహితులు కూడా వాళ్లని పూర్తిగా నమ్మరు. జాలి కూడా దక్కదు వాళ్లకి.

మామయ్య: మరి మార్చే మందు లేదా? మీ వైద్యంలో ఏదో ఒకటి ఉండాలి కదా.

మేనకోడలు: జబ్బయితే కదా మందు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మారుస్తామంటూ కరెంటు షాకులు, మందులు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి, మార్చండమ్మా, ఎంతైనా ఇస్తాం అంటారు. మారాల్సింది ఏమీ లేదని చెప్పగానే లేచి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

మామయ్య: పెళ్లి చేస్తే సర్దుకున్నవాళ్లు లేరా?

మేనకోడలు: సర్దుకున్నట్టు కనిపించేవాళ్లున్నారు. మీ అమ్మాయికి అలాంటి సంబంధం వచ్చి ఉంటే? కట్నం, బంగారం అన్నీ ఇచ్చి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే మొగుడికి కట్టబెట్టి ఉంటే? నాలో ఏం లోపముందమ్మా అని ఆ పిల్ల ఫోన్ చేస్తే? కొడుకుని మార్చడానికి వేరేవాళ్ల కూతుర్ని మందులా వాడతారా?

ఇక్కడ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు తోచింది చెబుతాను. ఈ పెళ్లిళ్లలోకి ఏమీ తెలియకుండా నడిచివచ్చే ఆడపిల్లల గురించి మన పత్రికలు, మన రచయితలు రాసింది చాలా తక్కువ. ఇంటి పరువు నిలబెట్టడానికి ఇద్దరి బతుకులు ఖర్చవుతాయి, అందులో ఒకరికి తాను ఖర్చవుతున్నట్టు కూడా తెలియదు. పరువు అనే మాటను గౌరవంగా పలికేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

మామయ్య: అది అన్యాయమే. ఏ తండ్రీ తెలిసి చేయకూడదు. కానీ అసహ్యం అసహ్యమే కదా. లేనట్టు నటించమంటావా?

మేనకోడలు: వద్దు. ఒకటి అడుగుతాను. మీ మొదటి పోస్టింగు ఊళ్లో టీకొట్టు సంగతి చిన్నప్పుడు మాకు కథలా చెప్పేవారు.

మామయ్య: రెండు గ్లాసుల కొట్టు. దళితవాడ పాకలవాళ్లకి విడిగా గ్లాసులు, చూరులో గుచ్చిపెట్టేవాడు. తాగి, వాళ్లే కడిగి పెట్టాలి. నేను ఆ గ్లాసులోనే పొయ్యమన్నాను. ఊరి పెద్దలు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

మేనకోడలు: ఆ పెద్దలు ఏమన్నారు?

మామయ్య: ఆ గ్లాసు ముట్టుకుంటే కడుపులో తిప్పుతుంది మాస్టారూ, మేం కావాలని చేసేది కాదు, లోపలినుంచి వస్తుంది అన్నారు.

మేనకోడలు: ...

మామయ్య: అర్థమైంది. కానీ రెండూ ఒకటి కాదు. వాళ్లకి జరిగింది వేల ఏళ్ల దోపిడీ. కూలి, భూమి, ఊరి వెలి, అన్నీ కలిసిన సంగతి. దాన్ని దీనితో సమానం చేస్తే ఆ పోరాటాన్ని చిన్నబుచ్చినట్టు.

మేనకోడలు: సమానం చేయడం లేదు. కులం బరువు వేరు. పైగా ఆ వాడలో పుట్టిన ట్రాన్స్ బిడ్డ రెండు బరువులూ మోస్తుంది. నేను అడుగుతున్నది ఒక్కటే. కడుపులో తిప్పడం అనేది న్యాయాన్ని కొలిచే కొలత కాదని ఆ ఊళ్లో అందరికంటే ముందు చెప్పింది మీరు.

మామయ్య: నేను ఒక్కణ్ణి చెబితే మారలేదు అక్కడ. ఇప్పుడూ ఎవరూ మారరు. పట్నాల్లో నలుగురు చదువుకున్నవాళ్లు తప్ప.

మేనకోడలు: మారుతోంది. అమెరికాకి చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ మన దేశంలో సర్వే చేస్తే, స్వలింగ సంబంధాలని సమాజం అంగీకరించాలి అన్నవాళ్లు 2014లో 15 శాతం. 2019లో 37. పెళ్లికి చట్టబద్ధత ఉండాలా అని 2023లో అడిగితే 53 శాతం సరే అన్నారు.

మామయ్య: సర్వేవాడికి చెప్పడానికేం! రేపు మీ ఇంట్లో అయితే అని అడిగితే ఎంతమంది నిలబడతారు? నువ్వే అన్నావుగా, గడప అవతల అయితే దండం పెడతామని. ఆ 53 కూడా గడప అవతలి లెక్కే.

మేనకోడలు: ఆ మాట సరైంది, దానికి నా దగ్గర లెక్క లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. 2016లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఫ్లోరిడాలో, మయామీలో ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి ట్రాన్స్ మనుషుల గురించి పది నిమిషాలు మాట్లాడారు. వాదించలేదు. మిమ్మల్ని ఎవరైనా వేరుగా చూసిన రోజు ఉందా, అప్పుడు ఎలా అనిపించింది అని అడిగి విన్నారు. మూడు నెలల తర్వాత కూడా ఆ ఇళ్లవాళ్ల మనసులో వ్యతిరేకత తగ్గే ఉంది. తలుపు కొట్టినవాళ్లు ట్రాన్స్ అయినా కాకపోయినా ఫలితం వచ్చింది.

మామయ్య: అందుకేనా నా చేత టీకొట్టు కథ చెప్పించావు?

మేనకోడలు: అందుకే. దాచను. మీ మనసు మారాలని నాకు నిజంగా ఉంది.

మామయ్య: అయితే నేనూ దాచను. ఇంతసేపూ ఊరికే వాదించలేదు. మన వీధి చివర మనవాళ్లే... వాళ్లమ్మాయి డిగ్రీ అయిపోయింది. పెళ్లి వద్దంటోంది. కాలేజీ స్నేహితురాలితో ఉంటానంటోంది. వారం నుంచి గదిలో పెట్టారు. రేపు పొద్దున నన్ను రమ్మన్నారు. మాస్టారు చెబితే వింటుంది, వచ్చి నచ్చజెప్పండి అని. వాళ్ల నాన్న నా శిష్యుడు. చేతులు పట్టుకున్నాడు.

మేనకోడలు: పిల్ల వయసెంత?

మామయ్య: ఇరవై రెండు.

మేనకోడలు: మామయ్యా, ఆ గొళ్లెం చట్టప్రకారం తప్పు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఇలాంటిదే నడిచింది. విజయవాడలో ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటుంటే ఒకమ్మాయిని తండ్రి తీసుకెళ్లిపోయాడు. ఆమెని కోర్టు ముందుకి తేవాలని రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజరు, తన ఇష్టం వచ్చినవాళ్లతో ఉండొచ్చు, తల్లిదండ్రులు అడ్డుపడొద్దు అని కోర్టు ఆమెని పంపించేసింది. అమ్మానాన్నల మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని, తండ్రి తీసుకెళ్లిన ఆ అమ్మాయే చెప్పింది. వాళ్లకి కావలసింది కలిసి ఉండటం, అమ్మానాన్నల్ని జైల్లో పెట్టించడం కాదు.

మామయ్య: కానీ పెళ్లి కుదరదని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది కదా. ఆ కేసు వేసిన జంట మీ హైదరాబాదువాళ్లేనని చదివాను.

మేనకోడలు: సుప్రియో, అభయ్. అవును. పెళ్లి ప్రాథమిక హక్కు కాదు, చట్టం చేయాల్సింది పార్లమెంటు అంది కోర్టు. కలిసి బతకడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకొక్కటి వినండి. 2021లో మద్రాసు హైకోర్టుకి మదురై నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారు ఏం చేశారో తెలుసా? ఈ విషయం నాకు పూర్తిగా తెలియదు, తెలియకుండా తీర్పు రాయను అన్నారు. కౌన్సెలర్ దగ్గర తానే కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాతే రాశారు. రేపు మీరు కూడా తీర్పు చెప్పడానికే వెళ్తున్నారు.

మామయ్య: ఆ అమ్మాయి ముసలితనం సంగతేంటి? నాకు అసలు బెంగ అదే, అసహ్యం కాదు. మేం పోయాక ఎవరు చూస్తారు దాన్ని? పిల్లల్లేక, చుట్టాల్లేక, ఒంటరిగా.

మేనకోడలు: ఆ భయం ఉత్తది కాదు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. హిజ్రాలు గురువు, చేలాల ఇల్లు కట్టుకున్నది అందుకే. మిగతావాళ్లకి అదీ లేదు. కానీ ఆ ఒంటరితనం ప్రకృతి ఇచ్చింది కాదు. చుట్టాలు ఉంటే ఒంటరి ఎందుకవుతుంది? ఆ చుట్టాలు మీరే కదా.

మామయ్య: ... రేపు ముందు గొళ్లెం తీయమంటాను. ఫోను ఇచ్చేయమంటాను. తీయకపోతే అక్కడే కూర్చుంటాను. సంబంధాల మాట నేనెత్తను, వాళ్లనీ ఎత్తొద్దంటాను. అంతవరకు చేయగలను. కానీ తల్లీ, ఇది నాకు సమ్మతమేనా అని ఆ పిల్ల నిలదీస్తే అవునని చెప్పలేను. అబద్ధమాడలేను.

మేనకోడలు: ఆడొద్దు. సమ్మతం కాకపోయినా నీ పక్కన ఉంటానని చెప్పండి.

మామయ్య: ఇంకేమైనా అడిగితే నీ నంబరిస్తాను.

మేనకోడలు: వాళ్ల నాన్నకి కూడా ఇవ్వండి మామయ్యా. ముందు ఆయనే ఫోన్ చేస్తాడు.